పాత బస్టాండు దగ్గర మా చెల్లె ఫ్లెక్సీ

మా చెల్లె పనిచేసే కాలేజీలో ఆమెను ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పిలుస్తారు. పిల్లలు ఆఫీసు మేడం అంటారు. లెక్చరర్లు అక్కా అంటారు. బస్సు డ్రైవర్లకు వదిన. చైర్మన్ మాత్రం ‘అమ్మా’ అంటాడు. ఆయనకు ఆడవాళ్లందరూ అమ్మలే. చేరిన రోజు ఇచ్చిన కాగితం మీద ఆఫీస్ అసిస్టెంట్ అని ఉంది. సిద్దిపేటకు కాపురానికి వచ్చిన కొత్తలో చేరింది. ఇప్పుడు ఆమె కూతురు డిగ్రీలో ఉంది. పిలుపులు పెరిగాయి గానీ కాగితం మీది మాట మారలేదు.

అసలు నీ పనేమిటని మా ఆవిడ ఒకసారి అడిగింది.

“ఇంకెవ్వలిది కానిదంత నాదే వదినా” అని నవ్వింది చెల్లె.

బోనఫైడ్ సర్టిఫికెట్లు రాయడం, స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, హాల్ టికెట్లు పంచడం, టీసీ ఇవ్వలేదని ఏడుస్తూ వచ్చిన తల్లిని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడం, బస్సు రాలేదని ఫోన్ చేసిన పిల్లకు అది ఎక్కడున్నదో కనుక్కుని చెప్పడం. యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లలో ఎవరు కారం తినరో కూడా ఆమే తెలుసుకుని పెట్టుకునేది. చేరేనాటికి చదువు ఇంటర్‌తో ఆగిపోయి ఉంది. డిగ్రీ దూరవిద్యలో చేసింది, ఆ తర్వాత పీజీ కూడా. కాలేజీ బస్సులో చెవికి వైర్లు తగిలించుకుని ఫోన్లో స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాలు వినేది. ఏం పాటలు వింటున్నారు మేడం అని పిల్లలు అడిగితే ‘పాతవి’ అని చెప్పేదట.

మాది మగ్గం మీద బతికిన ఇల్లు. మా చెల్లె భర్తా నేనూ ఒకరినొకరు బావా అనుకుంటాం; ఆయన నాయిన భీవండిలో మరమగ్గాల మీద పనిచేసి, దగ్గుతో తిరిగి వచ్చాడు. బావ బట్టల దుకాణంలో పనిచేస్తాడు; రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతలు పెట్టే పని. నేను జిల్లా పేజీలకు వార్తలు రాసి బతికాను. ఎవరికి ఏ పదవి వచ్చిందో, ఎవరికి పోయిందో రాయడమే ఎక్కువగా నా పని. ఇంట్లో ఎవరికీ ఏ పదవీ రాలేదు గనుక ఆ వార్తలు నాకు వాతావరణ సమాచారం లాగే ఉండేవి.

కాలేజీలో ఆఫీసు మొత్తాన్ని చూసుకునే పరిపాలనాధికారిని అందరూ ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ‘ఏవో’ సారు అనేవారు. ఆయన ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరై, ఇక్కడ చేరాడు. ప్రైవేటు కాలేజీలకు అలాంటివాళ్లంటే నమ్మకం. మోకాళ్ల నొప్పులు పెరిగాక పనంతా చెల్లె మీద పెట్టి సంతకాలు మాత్రం తాను చేసేవాడు. ఒకరోజు ఆయన ఇక నా వల్ల కాదమ్మా, నారాయణరావుపేట పోయి పొలం చూసుకుంటా అని చెప్పేశాడు. పోతూ పోతూ, “అడుగు. అడగకపోతే ఎవ్వలియ్యరు” అని చెల్లెకు చెప్పాడు.

ఆ ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. చెల్లె కూడా పక్కన కూర్చుని ఈనెలు తీయసాగింది.

“చైర్మన్ సార్‌ను అడుగుదామనుకుంటున్న అన్నా” అంది. “నోరు తిరుగుతలేదు.”

మా ఆవిడ చేటను పక్కకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీ నడింట్లోకి లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. “ఊఁ. చెప్పమ్మా. ఏం పని మీదొచ్చినవ్?”

చెల్లె నవ్వుతూనే లేచి నిలబడింది. “సార్, ఏవో సార్ పోతున్నరు గదా సార్...”

“పోనీ. గోడకు ఒరిగి మాట్లాడుతవేంది? ముంగటికి రా.”

“ఆ పనులన్ని నేనే చేస్తున్న సార్ ఇన్నేండ్ల సంది.”

“చేస్తున్నవ్ గద. మల్ల చెయ్యి. నేనేమన్న వద్దన్ననా?”

“వదినా, ఆయన అచ్చం గిట్లనే అంటడు! దానికేం చెప్పాలె ఇగ?”

మా ఆవిడ నావైపు తిరిగింది. “నువ్ చెప్పు. ఇన్ని ప్రెస్ మీట్లకు పోయినవ్ గద.”

పదవులు అడిగినవాళ్లను, తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను గనుక నాకు తోచింది చెప్పాను. అవకాశం ఇప్పించండి సార్ అనకు, నాకు ఆ పోస్టు కావాలె సార్ అను, అని ఆగిపో అన్నాను.

“గంత సక్కగనా?”

“గంత సక్కగనే.”

చిక్కుడుకాయలు అయ్యేదాకా ఆమె ఆ ఒక్క వాక్యాన్నే రకరకాలుగా అన్నది. ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా, ఒకసారి కోపంగా. ఒకసారి పాట లాగా అనేసరికి మా ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలోంచి లేచింది. మా ఇంట్లో అలాంటి పూట మళ్లీ రాలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. కాలేజీ వరండాలోంచి మాట్లాడుతున్నట్టుంది, వెనక పిల్లల గోల వినబడుతోంది.

“అడిగిన అన్నా” అంది.

“ఏమన్నడు?”

“నేనే పిలుద్దామనుకుంటున్న అమ్మా అన్నడు. బయటోన్ని తెచ్చుడెందుకు, నువ్వే చూసుకో అన్నడు. ఆర్డర్ మాత్రం ఆషాఢం పోనీ అన్నడు. శ్రావణంల మొదటి శుక్రవారం, వాళ్లింట్ల మేడంతోని పూజ చేయించి ఇస్తడట. అప్పటిదాక ఇన్‌చార్జి.”

ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టరు. కొత్త దుకాణం తెరవరు, ఇల్లు మారరు. ఉద్యోగం ఇచ్చే కాగితానికి కూడా ఆ పట్టింపు ఉంటుందని నాకు తెలియదు గానీ, ఆ మాటలో తప్పుపట్టేదేమీ కనబడలేదు. మంచిరోజు కోసం ఆపాడంటే ఇవ్వాలన్న మనసు ఉన్నట్టే కదా. మేమంతా అలాగే అనుకున్నాం.

ఆ వారాలు ఆమె ఏవో సారు గదిలోనే పనిచేసింది, కానీ ఆయన కుర్చీలో కూర్చోలేదు. టేబుల్‌కు ఇవతల, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చుని, ఫైళ్లు తనవైపు తిప్పుకుని రాసుకునేది. అటెండర్ అది చూసి ఊరుకోలేదు.

“మేడం, గా కుర్చీ ఏమన్న కరుస్తదా? కూసోన్రి.”

“ఆర్డర్ రానీ. అప్పుడు కూసుంట.”

“ఆర్డర్ సంగతి కుర్చీకేం తెలుస్తది మేడం? దానికి ఎవలైన ఒకటే.”

ఈ మాట ఇంటికి వచ్చి మాకు చెప్పి నవ్వింది. బావ అయితే ఆ నెలంతా నేల మీద నడవలేదు. దుకాణంలో కొత్త సరుకు విప్పినప్పుడల్లా ఒక చీర పక్కన పెట్టేవాడు, శుక్రవారం నాడు కట్టుకోవడానికి. సేఠ్ ఎవరికోసమని అడిగితే చెప్పేశాడు. దుకాణంలో పడ్డ మాట మా కుల సంఘం అధ్యక్షుడి దాకా పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆయన మాకు వరసకు చిన్నాయిన అవుతాడు. మంచి మనిషి. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు ఆయన వస్తాడు.

ఏటా పదో తరగతి మంచి మార్కులతో పాసైన పిల్లలకు సంఘం భవనంలో సన్మానం చేస్తారు. ఆ వచ్చే ఆదివారమే అది. ఈసారి పిల్లలతోపాటు మన ఆడబిడ్డే గదా అని చెల్లెకు కూడా చేద్దామని ఆయన వాళ్లింటికి వచ్చాడు.

“ఆర్డర్ రాలేదు చిన్నాయినా” అంది చెల్లె. “వచ్చినంక చేయున్రి. ఆషాఢమాయె గూడ.”

“శాలువ కప్పుటానికి ముహూర్తమేంది బిడ్డా? ముసురుల చలి పెడితే కప్పుకుంటలేమా?” అన్నాడాయన. “చైర్మన్ నోటికెల్లి వచ్చినంక గదే ఆర్డర్. మన మగ్గాలోళ్ల పిల్ల ఆఫీసరయిందంటే రేపు గా పిల్లలు చదువుతరు. నీకోసమా?”

గా పిల్లలు చదువుతారన్న మాట కోసం ఆమె వెళ్లింది. శాలువా కప్పారు, పూలదండ వేశారు, ఫొటో తీశారు. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. అలాంటి కార్యక్రమాలు వందల కొద్దీ చూసినా, చప్పట్లు కొట్టింది మాత్రం ఆ ఒక్కదానికే.

తెల్లవారి పొద్దున కోమటిచెరువు కట్ట మీద నడిచి, ఎప్పటి లాగే పాత బస్టాండు దగ్గర చాయ్ తాగడానికి ఆగాను. హోటలాయన గ్లాసు చేతికిస్తూ తలతో ఎదురుగా చూపించాడు. కరెంటు స్తంభానికీ పక్కనున్న బంగ్లా పిట్టగోడకూ కట్టిన ఫ్లెక్సీలో మా చెల్లె ఉంది. నీలం చీర, శాలువా, దండ. మనిషి కంటే పెద్ద ముఖం. ఎప్పుడూ ఎవరి వెనకనో సగం కనబడే ముఖం అది, అంత పెద్దగా నేనెన్నడూ చూడలేదు.

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత పైన చూశాను.

పైన గుండ్రని చట్రంలో మా వార్డు మాజీ కౌన్సిలర్ చేతులు జోడించి ఉన్నాడు. కింద ఎర్రటి అక్షరాలు: అన్న గారి ఆశీస్సులతో కాలేజీ పరిపాలనాధికారిగా పదోన్నతి పొందిన మా ఆడబిడ్డకు శుభాకాంక్షలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర ఏ ఫ్లెక్సీ కట్టినా పైన ఒక నాయకుడి ఫొటో ఉంటుంది. పుట్టినరోజైనా, దశదినకర్మైనా అంతే. ‘ఆశీస్సులతో’ అన్న మాట కూడా ఎవరూ ఆలోచించి పెట్టేది కాదు, అది లేకపోతే ఏదో వెలితిగా ఉంటుందని పెడతారు. ఆ మాజీ కౌన్సిలర్ సంఘం భవనానికి స్లాబు వేయించాడు గనుక సంఘం ఫ్లెక్సీలన్నింటి మీదా ఆయనే. ఫ్లెక్సీ దుకాణంవాడు కిందటిసారి ఫైలు తీసి, కింద ఫొటో మార్చి, పేరు మార్చి కొట్టిచ్చాడు. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

కానీ ఆ మాజీ కౌన్సిలర్‌కూ కాలేజీ చైర్మన్‌కూ మాటల్లేవు. ఒకప్పుడు ఒకే కారులో తిరిగినవాళ్లు. కాలేజీకి పోయే దారి దగ్గర జాగా పంచాయితీ వచ్చి విడిపోయారు. ఆయన మనుషులు కాలేజీ గేటు ముందు టెంటు వేసి కూర్చున్నప్పుడు ఆ వార్త రాసింది నేనే. పిల్లలను ఆ టెంటు దాటించి లోపలికి పంపడానికి చెల్లె రోజూ గేటు దగ్గర నిలబడేది.

చాయ్ గ్లాసు పక్కన పెట్టి బావకు ఫోన్ చేశాను.

“చూసినవా బావా!” అన్నాడు నేను ఏమీ అనకముందే. “మంచిగొచ్చింది గదా ఫొటో? నీలం చీర నేనే కట్టుకోమన్న.”

“పైన ఎవలున్నరు బావా?”

“పైననా? అన్న. ఎప్పుడూ ఉంటడు గదా.”

“చెల్లె కాలేజీ ఎవలది?”

అవతల దుకాణం షట్టరు ఎత్తుతున్న చప్పుడు సగంలో ఆగిపోయింది.

“అరె” అన్నాడు. “అరెరె.”

అధ్యక్షుడికి నేనే ఫోన్ చేశాను. ఆయన నిద్రలేచి నోట్లో వేపపుల్లతో మాట్లాడుతున్నాడు. దించాలనగానే పుల్ల ఉమ్మేశాడు.

“దించుడా? అన్న ఫొటో ఉన్న ఫ్లెక్సీని బజార్ల మనమే దించితే మల్ల సంఘం దిక్కు చూస్తడా ఆయన? పై అంతస్తు ఎట్లయితది? మీరు పేపరోళ్లు, మీకెర్క లేనిదా?”

“ఆమె నౌకరి సంగతి గదా చిన్నాయినా.”

“నౌకరికేమైతది? చైర్మనేమన్న చిన్న పోరడా, ఫ్లెక్సీకి అలుగుటానికి? ఒక పని చేద్దాం. ఆశీస్సులు అన్న కాడ తెల్ల కాయితం అతికిద్దాం.”

తెల్ల కాగితం అతికిస్తే దాని కింద ఏముందో చూడటానికే జనం ఆగుతారని చెప్పాను. అయితే చెల్లె పేరు మీద అతికిద్దామన్నాడు. మేమిద్దరం ఇలా మాట్లాడుకుంటుండగానే కాలేజీ బస్సు వచ్చింది. అది రోజూ పాత బస్టాండు దగ్గరే ఆగుతుంది. చెల్లె ఎక్కేది కూడా అక్కడే.

ఆమె ఆ పక్కనుంచి నడుచుకుంటూ వచ్చి తలెత్తి చూసింది. చూస్తూ నిలబడిపోయింది. బస్సు కిటికీల్లోంచి పిల్లలు అరిచారు. కంగ్రాట్స్ మేడం, పార్టీ మేడం. కొందరు కిందికి దిగి ఆమెను మధ్యలో నిలబెట్టి, వెనక ఫ్లెక్సీ పడేటట్టు సెల్ఫీలు తీసుకున్నారు. నేను రోడ్డు దాటి పోయేసరికి బస్సు కదిలింది. కాలేజీ వాట్సప్ గ్రూపులో చైర్మన్ కూడా ఉన్నాడు. బస్సు కాలేజీకి చేరకముందే ఫొటో ఆయనకు చేరి ఉంటుంది.

“పైన ఎవలున్నరో చూడలేదా?” అని తర్వాత అడిగాను.

“చూసిన అన్నా. కానీ ముందుగాల నన్ను చూసుకున్న. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం సంబురమైంది.”

ఆమె పిలుపు కోసం ఆగలేదు. పోగానే తనే చైర్మన్ గదికి వెళ్లింది. నాకు తెలియదు సార్, సంఘంవాళ్లు పెట్టిన్రు సార్ అని చెప్పింది. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆమె చాలాసార్లు అన్నది. ఫోన్లో ఆ ఫొటో పెద్దది చేసి చూస్తూ, నెమ్మదిగా మాట్లాడాడట.

“నీకింత పెద్దోళ్లు తెలుసని నాకు తెల్వకపాయెనమ్మా.”

“నాకు తెల్వదు సార్ ఆయన.”

“నేనింకా ఆర్డరే ఇయ్యలే. ఆయన ఆశీర్వాదం గూడ ఇచ్చిండు. నాకంటె ముందున్నడు.” ఫోన్ బల్ల మీద పెట్టాడు. “సరే, పని చూసుకో పో.”

ఫ్లెక్సీని మధ్యాహ్నానికి మునిసిపాలిటీవాళ్లు వేరే ఫ్లెక్సీలతో కలిపి దించేశారు. ఎవరైనా చెప్పి దింపించారో, వాళ్ల పని వాళ్లు చేశారో నేను కనుక్కోలేదు.

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం చెల్లె బావ పక్కన పెట్టిన చీరల్లో ఒకటి కట్టుకుని వెళ్లింది. చైర్మన్ ఆ రోజు కాలేజీకి రాలేదు. రెండో శుక్రవారం వచ్చాడు, ఆఫీసు వైపు రాలేదు. ఆ తర్వాత ఏ శుక్రవారం గురించీ ఆమె మాకు చెప్పలేదు.

నేను ఉండలేక ఆయనను కలవడానికి వెళ్లాను. ఎప్పటినుంచో తెలిసినవాడే. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నేను మొదలుపెట్టకముందే చేయి అడ్డం పెట్టాడు.

“నాకామె మీద కోపం లేదన్నా. తప్పు ఆమెది కాదని నాకెర్కే. కానీ మీరే చెప్పున్రి. ఇప్పుడు నేను ఆర్డర్ ఇస్తే బజార్ల ఏమంటరు? ఆయన చెప్పిండు, ఈయన ఇచ్చిండంటరు. రేపు ఇంకొకల కోసం ఫోన్ చేస్తడు. ఎల్లుండి అటెండర్ నౌకరికి చేస్తడు. గేటు ముంగట టెంటు ఏసినోని మాట మీద నా కాలేజీ నడుస్తుందంటరా లేదా?”

అంటారు. నేను ఇంకా ఉద్యోగంలో ఉంటే, ఆ సంగతి పేరు పెట్టకుండా చిన్న బాక్సు కట్టి వార్తగా రాసేవాణ్ణి కూడా. అందుకే చాయ్ తాగి వచ్చేశాను. ఆమెకు అన్యాయం జరిగిందని అక్కడ ఒప్పుకోనివాళ్లు ఎవరూ లేరు. ఒప్పుకున్నాక చేయడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

దసరా తర్వాత కొత్త ఏవో వచ్చాడు. పక్క జిల్లాలో రిటైరైన అధికారి. ఆయన ఏమీ రానివాడైతే మాకు తిట్టుకోవడానికైనా ఉండేది. పనిమంతుడు, మెత్తగా మాట్లాడతాడు, వచ్చిన నెలలోనే పాత ఫైళ్లన్నీ వరసలో పెట్టించాడు. మీరు లేకపోతే నాకిక్కడ దారి తెలిసేది కాదమ్మా అని నలుగురిలో అంటాడు. చెల్లె తన బల్ల దగ్గరికి, కౌంటరు వెనక్కి వచ్చేసింది.

“మరి ఇంకో కాలేజీ చూడరాదూ” అంది మా ఆవిడ.

చూసింది. మా జిల్లాలోనే ఉన్న ములుగు బస్సెక్కి, దారిలో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు కాలేజీకి ఇంటర్వ్యూకు వెళ్లింది. ఆఫీసు మేనేజర్ పోస్టు. ఇంగ్లిష్‌లో అడిగినవాటికి ఇంగ్లిష్‌లోనే చెప్పింది. ఒక ప్రశ్నకు తడబడినా మళ్లీ సర్దుకుందట. అంతా అయ్యాక వాళ్ల కరస్పాండెంట్ తెలుగులోకి దిగి అడిగాడు.

“మీ కాడ ఏదో పార్టీ లొల్లి అయిందట గదా మేడం?”

“నాది కాదు సార్ అది. ఫ్లెక్సీ...”

“లేదు లేదు, మేమేమనుకోం. ఊకెనే అడిగిన. మాకు అన్ని పార్టీలోళ్లు కావాలె గదా.”

కబురు చేస్తామన్నారు. కాలేజీలు నడిపేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. వాళ్ల పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుంటారు. ఓటు కూడా ఎవరికి వేసిందో భర్తకు చెప్పని మా చెల్లె, వాళ్ల లెక్కలో ఒకాయన మనిషి అయిపోయింది. ఇంకో చోటికి కూడా వెళ్లింది. అక్కడ ఆ మాట అడగలేదు గానీ, మీ ఆయనది ఏ వార్డు అని అడిగారు. ఆ తర్వాత మానేసింది. బస్సులో చెవికి వైర్లు పెట్టుకోవడం కూడా ఆపేసిందని ఆమె కూతురు చెప్పింది.

ఇదంతా అయ్యాక, ఎన్నికలు దగ్గర పడుతున్న రోజుల్లో ఒక ఉదయం జిల్లా పేజీ తీస్తే పైన ఫొటో. చైర్మన్, మాజీ కౌన్సిలర్ పక్కపక్కన నిలబడి ఉన్నారు, ఇద్దరి మెడలోనూ ఒకే రంగు కండువా. అపోహలు తొలగిపోయాయని, పట్టణ అభివృద్ధి కోసం కలిసి పనిచేస్తామని వార్త. దారి దగ్గర జాగా సంగతి అందులో లేదు. నేను ఇంకా చదువుతుండగానే ఫోన్ మోగింది.

“అన్నా, పేపర్ చూసినవా?”

చెల్లె గొంతులో ఆ హుషారు విని చాలాకాలమైంది.

“చూసిన.”

“ఇవ్వాళ అడుగుత. ఇగ ఆయనకు అడ్డమేముంది? గాయన మనిషినే అనుకున్నా, ఇప్పుడు మంచిదే గదా!”

ఆమె నవ్వింది. ఏవో కుర్చీలో మనిషి ఉన్నాడన్న సంగతి నా నోటి దాకా వచ్చింది. ఆమెకు తెలియనిది కాదు. అడుగు అన్నాను.

సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. మా ఆవిడ మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

చైర్మన్ చాలా సంతోషంగా ఉన్నాడట. ఆమె ఎందుకొచ్చిందో చూడగానే గ్రహించాడు. “గదంత అయిపోయిన ముచ్చటమ్మా. నేనెప్పుడో మర్శిపోయిన. నువ్వు గూడ మనసుల పెట్టుకోకు” అన్నాడు. ఆమెకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. నాకు ఆ పోస్టు కావాలె సార్ అంది.

“పోస్టుల సార్ ఉన్నడు గదమ్మా. మంచిగ చేస్తుండు. ఏ తప్పు చెయ్యనోన్ని ఎట్ల తీసెయ్యాలె?”

ఆ మాట విన్నప్పుడు ఏ తప్పు చెయ్యనివాణ్ణి ఎలా తీసేస్తారని ఆమె కూడా అనుకుందట. బయటికి వస్తుంటే ఆయనే పిలిచి, రేపు అన్న కాలేజీ చూడటానికి వస్తున్నాడు, చాయ్‌పానీ సంగతి నువ్వు చూడమ్మా అని పురమాయించాడు.

మాజీ కౌన్సిలర్ మర్నాడు పదిమందితో వచ్చాడు. లైబ్రరీ చూశాడు, ల్యాబ్‌లు చూశాడు, ఆఫీసు గదిలోకి వచ్చాడు. చైర్మన్ కొత్త ఏవోను పరిచయం చేశాడు. ఆ తర్వాత కౌంటరు వెనక నిలబడ్డ ఆమెను చూపించి, మా ఆఫీస్ అసిస్టెంట్, చాలా సీనియర్ అన్నాడు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

“నమస్తే అమ్మా. ఏ ఊరు మీది?”

“ఈడ్నే సార్. మీ వార్డే.”

“అవునా! ఎవలింటోళ్లు?”

ఆమె చెప్పింది. ఆయన ఆఁ ఆఁ అని తలూపి, ఏ పనున్నా ఇంటికి రమ్మని చెప్పి పక్క గదిలోకి నడిచాడు.

ఈ ముచ్చట ఆ మరుసటి ఆదివారం చెప్పింది. మా ఆవిడ పకపకా నవ్వింది. చెల్లె నవ్వడం లేదని చూసి ఆపేసింది. బావ ఆమె పక్కనే కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఆ రోజు షట్టరు సగం ఎత్తినప్పటి నుంచి ఆయన ఆమె ముందు గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. ఆమె ఆయన్ను ఏమీ అనలేదు. ఏమన్నా అంటే బాగుండునని నాతో ఒకసారి అన్నాడు.

ఇప్పుడు అడ్మిషన్ల కాలం. పొద్దున బస్సెక్కి పోతుంది, పొద్దుగూకాక వస్తుంది. కాలేజీ సంగతులు నేను అడగను, ఆమె చెప్పదు. బావ పక్కన పెట్టిన మిగతా చీరలు ఇంకా కవర్లలోనే ఉన్నాయట, కూతురు ఒకటి కట్టుకుంటానంటే కట్టుకో అందట. కొత్త ఏవో ఆరోగ్యవంతుడు, మోకాళ్లు గట్టిగా ఉన్నాయి, కాలేజీ పక్కనే కిరాయికి ఇల్లు తీసుకున్నాడు. మా చెల్లెకూ వయసు మరీ మీరిపోలేదు. ఆ కౌంటరు వెనక ఇంకా చాలా ఏళ్లు పనిచేయగలదు.